ప్రభుత్వ సైట్‌కి పేరడీ కడితే పైన ‘ఇది వ్యంగ్యం’ అని రాయాల్సిందేనా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో జరిగిన విషయం ఒకటి చెప్పి సలహా అడగాలని రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా వీధి చివర మురుగుకాలవ మూడు వానాకాలాలుగా పూడిపోయి ఉంది. ఆఫీసుకి వెళ్తే ‘ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టండి’ అంటారు. ఆన్‌లైన్‌లో పెడితే రెండు రోజులకి ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తుంది. కాలవ మాత్రం అలాగే ఉంటుంది. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా తమ్ముడికి ఒళ్లు మండి, సెలవుల్లో కూర్చుని మా మున్సిపాలిటీ సైట్‌ని అచ్చు గుద్దినట్టు ఇంకో సైట్ కట్టాడు. అదే నీలం రంగు, పైన అవే పరిగెత్తే అక్షరాలు, అధికారుల ఫోటోల చోట ఖాళీ కుర్చీలు. లోపల ‘మురుగు దర్శనం: టైమ్ స్లాట్ బుకింగ్’ అని ఒక పేజీ. సాధారణ దర్శనం మోకాలి లోతు, ప్రత్యేక దర్శనం నడుము లోతు, అది వాన పడ్డ రోజుల్లో మాత్రమే. ఇంకో పేజీలో ‘మీరు రాయకముందే మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని. అన్నిటికన్నా కింద ‘కాలువ పూడిక తీయించుకొనుటకు దరఖాస్తు’ అని ఒక ఫారం. పేరు, వార్డు నంబరు, ఫోన్ నంబరు, ఆధార్ జిరాక్స్ జతచేయవలెను.

వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. అందరూ నవ్వుకున్నారు. మూడో రోజు పక్క వీధి పెద్దాయన ఒకాయన, డెబ్భై దాటిన మనిషి, ఆ ఫారం నెట్ సెంటర్‌లో ఇరవై రూపాయలిచ్చి ప్రింట్ తీయించుకున్నాడు. ఆధార్ జిరాక్స్ పిన్ను కొట్టుకుని ఎండలో ఆఫీసుకెళ్లి క్యూలో గంటన్నర నిలబడ్డాడు. కౌంటర్‌లో ఉన్నతను నలుగురి ముందూ ‘ఇలాంటి ఫారమే లేదు, ఎవడో నిన్ను పిచ్చోణ్ణి చేశాడు’ అన్నాడట.

ఆ సాయంత్రమే మాకు ఫోన్ వచ్చింది. తీసేయకపోతే పోలీస్ కంప్లైంట్ ఇస్తామన్నారు. తమ్ముడు తీసేశాడు. నాన్నగారు ‘గవర్నమెంటుతో మనకెందుకురా’ అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వాడు మాత్రం ‘నేను అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు’ అంటున్నాడు. వాడు చేసింది తప్పా? పైన ‘ఇది వ్యంగ్యం’ అని రాసి ఉంటే సరిపోయేదా?

---

డొమైన్_దాసు

గోదారిగట్టు గారూ, ముందు మూడు ప్రశ్నలు. సైట్ అడ్రస్ ఏం పెట్టాడు? ఫారం నింపితే ఆ వివరాలు ఎక్కడికి వెళ్లేవి? పైన మూడు సింహాల ముద్ర పెట్టాడా?

నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను కాబట్టి తెలిసింది చెప్తాను. గవ్ డాట్ ఇన్ అన్న తోక ఎవరికి పడితే వాళ్లకి దొరకదు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే ఎన్‌ఐసీ ద్వారా ప్రభుత్వ శాఖలకీ, సంస్థలకీ మాత్రమే ఇస్తారు. అమెరికాలో డాట్ గవ్ కూడా అంతే, 2021 నుంచి దాన్ని వాళ్ల సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ చూస్తోంది. కానీ డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. అడ్రస్‌లోని ఈ తేడాలోనే ఇలాంటి సైట్లన్నీ పుట్టాయి.

వైట్‌హౌస్ డాట్ గవ్ అసలు సైట్. అదే పేరుకి డాట్ నెట్, డాట్ ఆర్గ్ తగిలించి పేరడీలు నడిచాయి. డాట్ ఆర్గ్ వాళ్లు అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ భార్య మీద ఉత్తుత్తి జీవిత చరిత్ర రాస్తే, 2003లో ఉపాధ్యక్షుడి ఆఫీసు నుంచి తీసేయమని లాయర్ ఉత్తరం వెళ్లింది. న్యూయార్క్ పౌరహక్కుల సంఘం సైట్ వాళ్ల పక్షాన నిలబడింది. ఇక డాట్ కామ్ సంగతి చూస్తే, అది కొన్నేళ్లు అశ్లీల సైట్‌గా నడిచింది. పేరొకటే, తోకలే వేరు. ఒకటి ప్రభుత్వం, ఒకటి వ్యంగ్యం, ఒకటి వ్యాపారం.

మన దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. తిరుమల దర్శనం టికెట్లు, గదుల పేరుతో నకిలీ సైట్లు పెట్టి భక్తుల దగ్గర డబ్బులు కొట్టేసిన సంగతి అందరికీ తెలుసు. టీటీడీ వాటి మీద కేసులు కూడా పెట్టించింది. 2024 జనవరిలో టీటీడీ అసలు సైట్ అడ్రసే మారింది, టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అయింది. అలవాటైన పాత అడ్రస్ పోయి కొత్తది వచ్చినప్పుడు ఏది అసలు, ఏది నకిలీ అని పెద్దవాళ్లు ఎలా పోల్చుకుంటారు? మీ పక్క వీధి పెద్దాయన్ని నేను ఏమీ అనలేను.

---

గోదారిగట్టు

దాసు గారూ, ఉచితంగా ఇచ్చే హోస్టింగ్‌లో పెట్టాడు, అడ్రస్‌లో గవ్ అన్న మాట లేదు. ఫారంలో ఏం నింపినా ఎక్కడా సేవ్ అవదు. బటన్ నొక్కితే ‘పరిష్కరించబడింది’ అని వస్తుంది, అంతే. సింహాల ముద్ర పెట్టలేదు గానీ, అదే ఆకారంలో వీపులు ఆనించుకుని కూర్చున్న మూడు దోమలు గీశాడు. కింద ‘దోమయేవ జయతే’ అని.

---

క్లీవ్‌లాండ్_కాకినాడ

దోమల బొమ్మ సంగతి లాయర్లు చెప్తారు. నేను ఉండే చోటికి పక్కనే జరిగిన కేసు ఒకటి చెప్తాను. మీ తమ్ముడి ప్రశ్నకి ఇంతకన్నా దగ్గరి కేసు నాకు తెలీదు.

అమెరికాలో క్లీవ్‌లాండ్‌ని ఆనుకుని పార్మా అని ఊరుంది. 2016 మార్చిలో ఆంథొనీ నోవాక్ అనే అతను ఆ ఊరి పోలీసుల ఫేస్‌బుక్ పేజీకి పేరడీ పేజీ పెట్టాడు. అదే పేరు, అదే ఫోటో. మొత్తం ఆరు పోస్టులు. ఒకదాంట్లో పోలీసు ఉద్యోగాలకి మైనారిటీలు అప్లై చేయకుండా ఉంటే మంచిదని ప్రకటన. ఇంకోదాంట్లో ఇల్లూ వాకిలీ లేనివాళ్లకి అన్నం పెట్టడం ఇకపై నేరమని. పేజీ బతికింది పన్నెండు గంటలు. ఇది నకిలీ అని అసలు పోలీసులు తమ పేజీలో హెచ్చరిక పెడితే, ఆ హెచ్చరికనే కాపీ చేసి తన పేజీలోనూ పెట్టాడు. కింద ‘ఇది ఉత్తుత్తిది’ అని జనం రాసిన కామెంట్లు తీసేశాడు. పోలీస్ స్టేషన్‌కి ఆ పేజీ గురించి పదకొండు ఫోన్లు వచ్చాయి. నేరమల్లా ఇదే.

కొన్ని వారాల తర్వాత అరెస్టు చేశారు. ఇల్లు సోదా చేసి ఫోనూ కంప్యూటరూ పట్టుకుపోయారు. నాలుగు రోజులు జైల్లో ఉన్నాడు. కంప్యూటర్ వాడి పోలీసుల విధులకి ఆటంకం కలిగించాడని కేసు. జ్యూరీ నిర్దోషి అంది. ఆ తర్వాత అతను పోలీసుల మీద దావా వేశాడు. 2019లో అప్పీలు కోర్టు దాన్ని ముందుకి సాగనిచ్చింది. జడ్జి అమూల్ థాపర్ తీర్పు మొదలుపెట్టడమే ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం, బేస్‌బాల్, ప్రభుత్వాన్ని వెక్కిరించే హక్కు, ఈ మూడిటికీ అమెరికా సంప్రదాయంలో చోటుందంటూ మొదలుపెట్టారు. అదే కోర్టు 2022కి వచ్చేసరికి, హెచ్చరికని కాపీ చేసి కామెంట్లు తీసేయడం కూడా రక్షణ ఉన్న మాటే అని అప్పటికి స్పష్టమైన తీర్పు ఏదీ లేదు కాబట్టి పోలీసులని తప్పు పట్టలేమంది. సుప్రీం కోర్టు 2023 ఫిబ్రవరిలో కేసు వినడానికే ఒప్పుకోలేదు. నిర్దోషి అయిన మనిషికి నాలుగు రోజుల జైలే మిగిలింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఈ కేసులో ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక సుప్రీం కోర్టుకి ఒక అర్జీ వేసింది. మొదట అసలుదే అనిపించి, చదువుతూ చదువుతూ ‘ఓహో’ అని తెలియడంలోనే పేరడీ ప్రాణం ఉంది, పైన బోర్డు పెట్టమంటే ఆ ప్రాణం తీసినట్టే అని వాళ్ల వాదన. నాకు అది నూటికి నూరుపాళ్లు సబబు అనిపించింది. అందుకే మీ తమ్ముడు ‘ఇది వ్యంగ్యం’ అని రాయాల్సిన పని లేదు అంటాను.

---

ఓరుగల్లు_పంతులమ్మ

క్లీవ్‌లాండ్ తమ్ముడూ, ఆ ‘ఓహో’ అందరికీ ఒకే చోట తడుతుందా? నీకు రెండో లైన్లో తడుతుంది. నాకు నాలుగో లైన్లో. నెట్ సెంటర్ అబ్బాయి స్క్రీన్ చూసి ప్రింట్ తీసిస్తే, ఫారం ఒక్కటే చేతికొచ్చిన పెద్దాయనకి ఎక్కడ తడుతుంది? ఆయన మోకాలి లోతు దర్శనం పేజీ చూడనే లేదు కదా.

మా చిన్నప్పుడు ఊళ్లోకి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. వేషం కట్టుకుని నడిబజారులో, అరుగుల మీద కూర్చున్న పెద్దల ముందే వాళ్లని వెక్కిరించేవాళ్లు. నుదుటి మీద ‘ఇది వేషం’ అని బోర్డు ఉండేది కాదు. అయినా ఎవరూ మోసపోయేవాళ్లు కాదు, ఎందుకంటే ఎదురుగా నిలబడి ఆడేవాళ్లు, ఊరంతా చూస్తుండేది, తెలియని పిల్లవాడికి పక్కవాడు చెప్పేవాడు. ఆఖరి రోజు ఇంటింటికీ వచ్చి తామెవరో చెప్పుకుని సంభావన తీసుకుని వెళ్లేవాళ్లు. వాట్సాప్‌లో వచ్చిన పేజీకి ఆ పక్కవాడు లేడు, ఆఖరి రోజూ లేదు. ఫార్వర్డ్ అయ్యేకొద్దీ ముక్కలవుతుంది. ముక్క చూసినవాడికి అది నిజమే.

బోర్డు పెట్టమని నేనూ అనను. కానీ ఆ ఫారం మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది.

---

డొమైన్_దాసు

పంతులమ్మ గారు చెప్పినదే నేను చెప్పాలనుకున్నది. నకిలీ సైట్ చేసే పని ఏంటి? మన చేత ఏదో ఒకటి నింపిస్తుంది. పేరు, ఆధార్, ఓటీపీ. పేరడీ సైట్ చదివించాలి, అంతవరకే. వివరాలు అడిగే గడి ఒక్కటి పెట్టినా, వెనక సేవ్ అవుతోందో లేదో చూసేవాడికి తెలియదు. ఫారం తీసేస్తే ఆ పెద్దాయన ఆఫీసుకి వెళ్లేవాడే కాదు.

---

వకీలు_విజయవాడ

గోదారిగట్టు గారూ, ముందుగా టెన్షన్ పడకండి. ఇది పొడి సలహా మాత్రమే, కాగితాలు చూడకుండా చెప్తున్నది.

ఐటీ చట్టంలో 66డీ అని ఉంది. కంప్యూటర్ ద్వారా వేరొకరిగా నటించి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇందులో ‘మోసం’ అన్నది అసలు మాట. మీ తమ్ముడు డబ్బు తీసుకోలేదు, వివరాలు దాచుకోలేదు. కేసు నిలబడటం కష్టం. కానీ నిలబడని కేసు కూడా స్టేషన్ చుట్టూ తిప్పుతుంది. ఆ ఫారం ఉండటం వల్లే అలాంటి కేసు పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

ఇంతకుముందు 66ఏ ఉండేది, ‘చిరాకు కలిగించే’ మెసేజ్ పంపినా నేరమే. సుప్రీం కోర్టు దాన్ని 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. కొట్టేసినా స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు రాస్తూనే ఉన్నారని 2021లో మళ్లీ కోర్టు దృష్టికి వస్తే, కోర్టే నిర్ఘాంతపోయింది. ఎవరైనా ఫోన్‌లో 66ఏ అని బెదిరిస్తే, ఆ సెక్షన్ ఇప్పుడు లేదని చెప్పండి.

ఇప్పుడు దోమలు. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. 2005లో వచ్చిన రాజముద్ర చట్టం ప్రకారం, ప్రభుత్వానికి సంబంధించినదేమో అనిపించేలా ఆ ముద్రని గానీ, దాన్ని పోలిన బొమ్మని గానీ వాడకూడదు. రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు వేల జరిమానా, లేదా రెండూ. కార్టూనిస్ట్ అసీమ్ త్రివేది గుర్తున్నారా? అన్నా హజారే ఉద్యమం రోజుల్లో అవినీతి మీద కార్టూన్ల సైట్ నడిపారు. సింహాల చోట తోడేళ్లు గీసి, ‘సత్యమేవ’ బదులు ‘భ్రష్టమేవ జయతే’ అని రాశారు. 2011 డిసెంబర్‌లో ముంబై పోలీసులు చెప్పారని ఆయన సైట్‌ని డొమైన్ కంపెనీయే ఆపేసింది. నోటీసు లేదు, విచారణ లేదు. 2012 సెప్టెంబర్‌లో అరెస్టు, ఏకంగా రాజద్రోహం. దేశమంతా గోల అయ్యాక ఆ రాజద్రోహం ఆరోపణ వెనక్కి తీసుకున్నారు. 2015లో బొంబాయి హైకోర్టు, హింసకి పురికొల్పకుండా ప్రభుత్వాన్ని విమర్శించినంత మాత్రాన రాజద్రోహం కాదని చెప్పింది.

ఆయన గెలిచారనే అనాలి. కానీ సైట్ ఆగిపోయిన ఆ రోజుల్ని ఎవరు తిరిగిస్తారు? పార్మాలో ఆ నాలుగు రోజుల సంగతీ ఇదే.

ఇంకో మాట. 2023లో కేంద్రం ఐటీ నిబంధనలు మార్చి, తన పనుల గురించి వచ్చేదాంట్లో ఏది తప్పో తేల్చే ఫ్యాక్ట్ చెక్ విభాగం తానే పెట్టుకుంటానంది. కమెడియన్ కునాల్ కామ్రా కోర్టుకి వెళ్లారు. వ్యంగ్యమే తన జీవనాధారం, దానికి నిజమా అబద్ధమా అన్న కొలత పెడితే ఎలా అని ఆయన ప్రశ్న. ఇద్దరు జడ్జిలు చెరో మాట చెప్పడంతో మూడో జడ్జికి వెళ్లి, 2024 సెప్టెంబర్‌లో బొంబాయి హైకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. ‘మురుగు దర్శనం నడుము లోతు’ అన్నది నిజమా, అబద్ధమా? ఏ విభాగం తేలుస్తుంది చెప్పండి.

---

బర్మింగ్‌హామ్_బుజ్జి

బోర్డు లేకపోయినా ఎవరూ మోసపోని పేరడీకి ఒక ఉదాహరణ ఇస్తాను. 2004లో బ్రిటన్ ప్రభుత్వం ‘అత్యవసర పరిస్థితులకి సిద్ధం కావడం’ అని ఒక చిన్న పుస్తకం అచ్చేసి రెండున్నర కోట్ల ఇళ్లకి పంచింది, ఒక సైట్ కూడా పెట్టింది. ‘లోపలికి వెళ్లండి, లోపలే ఉండండి, రేడియో పెట్టండి’ అన్న ధోరణి. యార్క్ యూనివర్సిటీలో చదువుతున్న టామ్ స్కాట్ (ఇప్పుడు యూట్యూబ్‌లో బాగా పేరున్న అతనే) అదే పేరుతో డాట్ సీవో డాట్ యూకే కొని, అదే రూపంలో సైట్ కట్టాడు. బాంబు పేలితే ఏం చేయాలి అన్న వరసలోనే దయ్యప్పీనుగలు లేచి వస్తే ఏం చేయాలి అని కూడా సలహా: పరిగెత్తండి.

కేబినెట్ ఆఫీసు తీసేయమని అడిగింది. అతను మర్యాదగానే కుదరదన్నాడు. ఆ ఉత్తరం వల్లే సైట్‌కి ఇంకా పేరొచ్చింది. దయ్యప్పీనుగల పేజీ ప్రింట్ తీసుకుని ఎవరూ ఆఫీసుకి వెళ్లరు కదా. మీ తమ్ముడి ఖాళీ కుర్చీలు, మోకాలి లోతు దర్శనం ఆ కోవలోవే, అందులో ఒక్క అక్షరం మార్చొద్దని నా మాటగా చెప్పండి. ఫారం మాత్రం మామూలు ఫారంలాగే ఉంది, అందులో వ్యంగ్యమే లేదు.

---

గోదారిగట్టు

ఇది నాకు తట్టలేదండీ. వాడికి చూపించాను. చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

---

పిప్లానీ_ప్రసాద్

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. మా నాన్నగారు భోపాల్ బీహెచ్‌ఈఎల్‌లో పనిచేశారు. పిప్లానీ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. 1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ కార్ఖానా నుంచి విషవాయువు లీకైనప్పుడు గాలి మా వైపు రాలేదు. పాత ఊరి వైపు వెళ్లింది. అందుకే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

అమెరికాలో ‘యెస్ మెన్’ అని ఇద్దరున్నారు. 1999లో ప్రపంచ వాణిజ్య సంస్థ సైట్‌ని పోలిన సైట్ ఒకటి గాట్ డాట్ ఆర్గ్ అన్న పేరుతో నడిపారు. అసలుదనుకుని జనం సభలకి రమ్మని ఈమెయిళ్లు పంపడం మొదలుపెట్టారు. వీళ్లు నిజంగానే వెళ్లి ఆ సంస్థ ప్రతినిధులుగా మాట్లాడారు. 2000లో సాల్జ్‌బర్గ్, 2001లో ఫిన్లాండ్‌లోని టాంపెరె, 2002లో సిడ్నీ. సిడ్నీలో అకౌంటెంట్ల ముందు, వాణిజ్య సంస్థని రద్దు చేసి పేదల కోసం కొత్తది పెడుతున్నాం అని ప్రకటిస్తే, కెనడా పార్లమెంటులో ఒక సభ్యుడు దాని మీద ప్రశ్న కూడా వేశాడు. అంతవరకు నాకు వాళ్లంటే గౌరవమే.

తర్వాత డౌ అనే రసాయనాల కంపెనీకి పేరడీ సైట్ పెట్టారు. యూనియన్ కార్బైడ్‌ని 2001లో కొన్నది డౌ. విషవాయువుకి ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా బీబీసీ వాళ్లు ఆ సైట్ చూసి, కంపెనీ మనిషి ఒకరు కావాలని అడిగారు. 2004 డిసెంబర్ 3న ‘జూడ్ ఫినిస్టెరా’ అని పేరు పెట్టుకుని ఒకడు పారిస్ స్టూడియోలో కూర్చుని, పూర్తి బాధ్యత మాదే, బాధితులకి పన్నెండు వందల కోట్ల డాలర్లు ఇస్తున్నాం అన్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో డౌ షేరు 23 నిమిషాల్లో నాలుగు శాతం పైగా పడిపోయింది. 1989 ఒప్పందంలో మొత్తం అందరికీ కలిపి వచ్చింది 47 కోట్ల డాలర్లు. లెక్క మీరే వేసుకోండి.

ఆ రోజు నేను భోపాల్‌లోనే ఉన్నాను. మా ఇంట్లో పనిచేసే బాయి జేపీ నగర్ నుంచి వచ్చేది. కార్ఖానా గోడకి ఎదురు బస్తీ అది. ఆమె మరిది ఎవరి దగ్గరో విని పరిగెత్తుకొచ్చాడు. ఆమె గిన్నెలు తోముతున్న చేతులు అలాగే గాల్లో పెట్టి నిలబడిపోయింది, మోచేతుల నుంచి సబ్బు నురగ కారుతూ. ‘కిత్నా మిలేగా భైయా’ అని నన్ను అడిగింది. ఎంత వస్తుంది అని. నాకు తెలీదన్నాను. రెండు గంటల తర్వాత అబద్ధమని తేలింది. ఆమె ఏడవలేదు. మిగిలిన గిన్నెలు తోమి వెళ్లిపోయింది.

ప్రపంచం భోపాల్‌ని మళ్లీ తలుచుకుంది ఆ నాటకం వల్లేనని ఒప్పుకుంటాను. కంపెనీ పరువు పోయింది, మంచిదే. కానీ ఆ రెండు గంటలు ఆమెవి. వాటిని ఆమెని అడగకుండా వాడుకున్నారు. గోదారిగట్టు గారూ, మీ పెద్దాయన గంటన్నర క్యూ గురించి చదవగానే నాకు ఆ నురగ చేతులు గుర్తొచ్చాయి.

---

క్లీవ్‌లాండ్_కాకినాడ

ప్రసాద్ అన్నా, దీనికి నా దగ్గర జవాబు లేదు. బోర్డు అక్కర్లేదని నేను రాసినప్పుడు పార్మా పోలీసుల గురించే ఆలోచించాను, ఫోన్ చేసిన ఆ పదకొండు మంది గురించి కాదు.

---

మిస్సిసాగా_మురళి

ప్రభుత్వం వైపు నుంచి జరిగే హాని కూడా చూడాలి. 2009 డిసెంబర్‌లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సు జరుగుతుండగా అదే యెస్ మెన్ కెనడా పర్యావరణ శాఖ సైట్‌ని పోలిన సైట్ పెట్టారు. కర్బన ఉద్గారాలు 2020కల్లా 1990 స్థాయి కన్నా నలభై శాతం తగ్గిస్తాం అని ప్రకటన ఇచ్చారు. నిజానికి అప్పుడు కెనడా చెప్పింది 2006 స్థాయి మీద ఇరవై శాతమే. అసలు శాఖ ఖండించి ఊరుకోలేదు, సర్వర్ ఉన్న జర్మనీ కంపెనీకి చెప్పి మూయించింది. ఆ కంపెనీ మొత్తం అడ్రసుల వరసంతా ఆపేయడంతో ఏ పాపం ఎరగని నాలుగున్నర వేల సైట్లు కూడా మూతపడ్డాయి. ఒక వెక్కిరింపు నచ్చలేదని అన్ని దుకాణాల షట్టర్లు దించేయడం ఎంత అన్యాయం!

అంతకు పదేళ్ల ముందు టెక్సస్ గవర్నర్‌గా ఉన్న జార్జ్ బుష్ తన మీద వచ్చిన పేరడీ సైట్ గురించి అడిగితే ‘స్వేచ్ఛకీ హద్దులు ఉండాలి’ అన్నారు. ఎన్నికల సంఘానికి ఫిర్యాదు కూడా వెళ్లింది, 2000లో అది కొట్టివేశారు. పేరడీ మర్చిపోయినా ఆ మాటని అమెరికాలో జనం మర్చిపోలేదు. పవర్‌లో ఉన్నవాళ్లకి ఇలాంటి సైట్ల మీద ఎప్పుడూ కోపమే. అందుకే మీ తమ్ముడు భయపడి మానేయకూడదు. ఊళ్లో ఇరవై మంది గట్టిగా అడగలేని ప్రశ్న వాడు అడిగాడు.

---

గోదారిగట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం జరిగింది చెప్తాను.

నేనూ తమ్ముడూ పెద్దాయన ఇంటికి వెళ్లాం. వాడు ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టి, ‘ఆ ఫారం నేనే చేశాను తాతగారూ, తప్పయింది’ అన్నాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని వాణ్ణి కాసేపు చూశాడు. లోపలికి వెళ్లి ఆ ప్రింటు తెచ్చాడు, ఆధార్ జిరాక్స్ ఇంకా పిన్నుతోనే ఉంది. ‘నీది తప్పేం లేదురా. మన కాలవ పూడిక తీయాలంటే మనమే ఆధార్ పెట్టి అడుక్కోవాలి అని వాళ్లు రూలు పెట్టి ఉంటారులే అనుకున్నాను. నాకు అందులో విడ్డూరం ఏం కనపడలేదు’ అన్నాడు. తమ్ముడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై రూపాయలు తీసుకోలేదు, కాఫీ ఇచ్చి పంపించాడు.

రాత్రంతా కూర్చుని వాడు సైట్ మళ్లీ కడుతున్నాడు. ఫారం లేదు. దోమల బొమ్మ తీసేసి, మా వీధి కాలవ ఫోటోనే గుండ్రంగా కత్తిరించి పెట్టాడు. కుర్చీలు, దర్శనం పేజీ అలాగే ఉన్నాయి. ‘పరిష్కరించబడింది’ అని మాకు వచ్చిన పదకొండు మెసేజ్‌లు తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు పెట్టి, ప్రతి దాని పక్కన అదే రోజు కాలవ ఫోటో పెడుతున్నాడు. కాలవకి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు పెట్టారు అని సమాచార హక్కు కింద అర్జీ కూడా వేశాడు, దాని కాపీ కూడా పెడతానంటున్నాడు.

వకీలు గారూ, పైకి ఎక్కించే ముందు ఒకసారి మీకు చూపించమంటున్నాడు. నాన్నగారు కూడా అదే అంటున్నారు.

---

వకీలు_విజయవాడ

పంపించమ్మా. మెసేజ్‌లలో ఎవరి ఫోన్ నంబర్లు, అధికారుల సొంత పేర్లు ఉంటే ముందు చెరిపేయమను. అర్జీ రసీదు జాగ్రత్తగా దాచమను, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు నేనే రాసిస్తాను.

---

ఓరుగల్లు_పంతులమ్మ

ఎక్కించాక ముందు ఆ పెద్దాయనకే చూపించండి. మొత్తం సైట్, మొదటి పేజీ నుంచి, పక్కన కూర్చుని. ఆయన ఎక్కడ నవ్వారో నాకు రాయాలి.